జేమీకి సొంత చాప్టర్లు రాగానే బ్రాన్‌ని మర్చిపోయామా? (ఫాంటసీ నవలల్లో గ్రే క్యారెక్టర్లు, స్పాయిలర్స్ ఉంటాయి)

బెజవాడ_శ్రావ్య

అందరికీ నమస్తే. గ్రే క్యారెక్టర్ల (పూర్తిగా మంచివాళ్ళూ కాని, పూర్తిగా చెడ్డవాళ్ళూ కాని పాత్రల) గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే పేరు జేమీ లానిస్టరే కాబట్టి నేనూ అక్కడే మొదలుపెడతా. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన సిరీస్ (టీవీలో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'గా వచ్చింది) పాత్ర ఇతను. 1996లో వచ్చిన మొదటి పుస్తకంలో ఏడేళ్ళ పిల్లాడిని, బ్రాన్‌ని, టవర్ కిటికీలోంచి తోసేస్తాడు, తనకీ తన అక్కకీ ఉన్న సంబంధం బయటపడకూడదని. ఆ పిల్లాడికి జీవితంలో ఇంక కాళ్ళు రావు. రెండు పుస్తకాలపాటు జేమీని బయటినుంచే చూస్తాం, అసహ్యించుకుంటాం. 2000లో మూడో పుస్తకం 'ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్'లో మార్టిన్ అతనికి సొంత చాప్టర్లు ఇస్తాడు. చెయ్యి తెగిపోతుంది, హారెన్‌హాల్ స్నానాల గదిలో బ్రియెన్ అనే యోధురాలికి అసలు నిజం చెప్తాడు, ఏరిస్ రాజు ఊరు మొత్తాన్ని వైల్డ్‌ఫైర్ అనే మండే ద్రవంతో తగలబెట్టమన్నాడని, అందుకే పదిహేడేళ్ళ వయసులో రాజుని చంపానని, ఆ ఊరు బతికింది తన వల్లేనని ఎవరికీ తెలీదని. ఆ చాప్టర్ అయ్యేసరికి చదివినోళ్ళందరూ జేమీ పార్టీ అయిపోతారు.

నన్ను తినేస్తున్న ప్రశ్న ఇదే, ఒక మనిషి బుర్రలోకి మనల్ని తీసుకెళ్తే చాలు, వాడు ఏం చేసినా క్షమించేస్తామా? అలాగైతే అది గ్రే క్యారెక్టర్ అవుతుందా, లేక రచయిత వాడి తరఫున నేర్పుగా వాదించి కేసు గెలిపించినట్టా? మీరు చదివిన వాటిల్లోంచి చెప్పండి, సీరియస్‌గా తెలుసుకోవాలని ఉంది.

గోదారిగట్టు

మంచి ప్రశ్న అమ్మా శ్రావ్యా. కానీ మార్టిన్ కేసు గెలిపించాడంటే నేనొప్పుకోను. అదే మూడో పుస్తకంలో బ్రాన్ చాప్టర్లు కూడా నడుస్తుంటాయి కదా, హోడోర్ అనే పనివాడి వీపు మీద బుట్టలో కూర్చుని ఉత్తరానికి పోతుంటాడు ఆ పిల్లాడు. జేమీ మీద జాలి పుట్టిన కాసేపటికే ఆ బుట్ట మళ్ళీ కనిపిస్తుంది. రచయిత మనల్ని మర్చిపోనివ్వట్లేదండీ, మర్చిపోతున్నది మనమే.

ఇంకోటి, జేమీ మారాడు మారాడు అంటారు గానీ నాలుగో పుస్తకంలో టుల్లీల కోట రివర్‌రన్ ముట్టడి గుర్తుందా? బ్రాన్ వంశమైన స్టార్కుల మీదా, వాళ్ళ అమ్మ పుట్టింటివాళ్ళైన టుల్లీల మీదా మళ్ళీ కత్తి ఎత్తనని బ్రాన్ తల్లి కేట్లిన్‌కి మాటిచ్చి ఉంటాడు. ఆ మాట తప్పకుండా కోట ఎలా తీసుకుంటాడంటే, ఆమె తమ్ముడు ఎడ్మ్యూర్‌ని కూర్చోబెట్టి, నువ్వు లొంగకపోతే నీకు పుట్టబోయే బిడ్డని యంత్రంలో పెట్టి గోడల మీదికి విసిరేస్తా అని బెదిరిస్తాడు. నెత్తురు చుక్క పడలేదు, మాట తప్పలేదు. మొదటి పుస్తకంలో ఒక బిడ్డని తోశాడు, ఇక్కడ ఇంకో బిడ్డని విసిరేస్తానన్నాడు. మారాడా మారలేదా అనేది తేల్చకుండా వదిలేశాడు చూడండి, అదీ గ్రే అంటే నా దృష్టిలో.

బెజవాడ_శ్రావ్య

గోదారిగట్టు గారూ మీరు చెప్పింది మూడో పుస్తకం వరకూ కరెక్టే, కానీ ఆ నాలుగో పుస్తకం 'ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్'లో బ్రాన్ చాప్టర్ ఒక్కటి కూడా లేదండీ. కథని ప్రాంతాల వారీగా రెండుగా చీల్చేసరికి బ్రాన్, జేమీ తమ్ముడు టిరియన్, జాన్ అందరూ అయిదో పుస్తకంలోకి పోయారు, అది వచ్చింది 2011లో. అంటే 2005లో ఫీస్ట్ చదివిన వాళ్ళకి ఆరేళ్ళపాటు జేమీ ఉన్నాడు, బ్రాన్ లేడు. అభిమానం అంతలా పెరగడానికి అది కూడా కారణమేమో అని నా డౌట్. ఎడ్మ్యూర్ పాయింట్ మాత్రం నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటా.

ఓరుగల్లు_పోరడు

అక్కా జేమీ సంగతి పక్కకువెట్టు, టిరియన్ గురించి ఎవ్వరు మాట్లాడరెందుకో నాకు సమజ్ గాదు. సీరియల్ మాత్రమే చూసినోళ్లకు టిరియన్ అంటే దేవుడు. పుస్తకంల మనిషే వేరు. వాని ప్రియురాలు షేని సంపే సీన్ తీస్కో, టీవీల ఆమె మొదలు కత్తి అందుకుంటది, అంటే ఆత్మరక్షణ లెక్క చూపెట్టిన్రు. పుస్తకంల ఆమె చేతిల ఏం లేదు, భయపడి మాట్లాడుతుంటనే ఆ బంగారు గొలుసుతోని గొంతు నులిమి సంపేస్తడు. ఇంక ఆ పాటగాడు సైమన్ ముచ్చట? పైసలు అడిగి బెదిరిస్తున్నడని బ్రాన్‌తోని... సారీ బ్రాన్‌ కాదు బ్రోన్‌, ఆ కిరాయి సిపాయి, వానితోని సంపిస్తడు, శవాన్ని పేదోళ్ళు తినే కూర గిన్నెలకు పంపిస్తడు. టీవీల ఇది మొత్తానికే లేపేసిన్రు.

అంటే టీవీవాళ్ళకు టిరియన్ మంచోడు కావాలె, గందుకే బాధితులను మాయం జేసిన్రు. మనిషి ఏం మారలేదు, వాడు సంపినోళ్ళు కనిపించకుండ పోయిన్రు అంతే. శ్రావ్యక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఇండ్లనే ఉన్నదనిపిస్తది నాకు.

మినర్వా_ఫ్యాన్

హాయ్ అందరికీ, నేను బీటెక్ థర్డ్ ఇయర్, మీరు చెప్పేవాటిల్లో సగం చదవలేదు కానీ స్నేప్ గురించి ఒక్కరైనా మాట్లాడాలి కదా ప్లీజ్. హ్యారీ పాటర్ ఏడో పుస్తకం 2007లో వచ్చినప్పట్నుంచీ ఈ గొడవ నడుస్తూనే ఉంది. నాకు స్నేప్ అంటే ప్రాణం. అన్నేళ్ళు డబుల్ ఏజెంట్‌గా ఉండి, ఎవరికీ చెప్పుకోలేక, అందరితో తిట్లు తిని చచ్చిపోయాడు, అంతకంటే గ్రే ఎవరుంటారు?

కాటుక

మినర్వా తల్లీ, నీ అభిమానాన్ని తప్పుపట్టను, కానీ ఓరుగల్లు తమ్ముడు ఇప్పుడే చెప్పిన లెక్కలో స్నేప్‌ని కూడా చూడు. హ్యారీ క్లాస్‌మేట్ నెవిల్‌కి ప్రపంచంలో అన్నిటికంటే భయం దేనికి? తన అమ్మానాన్నల్ని పిచ్చివాళ్ళని చేసినవాళ్ళని చూసి కాదు, క్లాసులో పాఠం చెప్పే స్నేప్‌ని చూసి. మూడో పుస్తకంలో బోగర్ట్ (ఎదుటివాళ్ళ భయం రూపం ఎత్తే జీవి) స్నేప్ రూపంలో రావడం నవ్వు పుట్టించే సీనే, కానీ ఆగి ఆలోచిస్తే పదమూడేళ్ళ పిల్లాడు రోజూ ఆ గదిలోకి ఎలా వెళ్ళేవాడో అనిపిస్తుంది. హ్యారీ తల్లి లిల్లీ విషయమూ అంతే, స్నేప్ విలన్ వోల్డెమార్ట్‌ని అడిగింది లిల్లీ ఒక్కదాన్నే వదిలేయమని, ఆమె మొగుడూ బిడ్డా ఏమైపోయినా పర్లేదన్నట్టు. హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్ మొహం మీదే నిన్ను చూస్తే అసహ్యం వేస్తోందంటాడు. ఆ మాట పుస్తకంలో ఉండబట్టే స్నేప్ గొప్ప పాత్ర అయ్యాడు. అది తీసేసి ప్రేమ ఒక్కటే ఉంచితే చాలా చిన్నవాడైపోతాడు.

ఇక నేను చెప్పాలనుకున్న పుస్తకం, 1977 నాటిది, స్టీఫెన్ డొనాల్డ్‌సన్ 'లార్డ్ ఫౌల్స్ బేన్'. హీరో థామస్ కవెనెంట్ కుష్ఠు రోగి, సమాజం వెలేసిన మనిషి. వేరే లోకంలోకి వెళ్తాడు, అదంతా కల అనుకుంటాడు. తనకి సాయం చేసిన లెనా అనే పదహారేళ్ళ పిల్లని బలాత్కారం చేస్తాడు. పుస్తకం మొదట్లోనే. చాలామంది అక్కడే మూసేస్తారు, మూసేసినవాళ్ళని నేను ఒక్క మాట కూడా అనను. నేను ముందుకెళ్ళింది ఎందుకంటే డొనాల్డ్‌సన్ ఆ నేరాన్ని దాటవేయడు. ఆ వెంటనే కవెనెంట్‌కి దారి చూపించాల్సింది ఎవరో తెలుసా, లెనా తల్లి. లోకం కోసం వాణ్ణి చంపకుండా తనతో నడిపించుకెళ్ళాలి ఆవిడ. ఆ నడక చాప్టర్లు నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే బరువైనవి. లెనా ఏమైపోయిందో, ఆమెని ప్రేమించిన కుర్రాడు ఏమైపోయాడో, ఆ సిరీస్ మొదటి మూడు పుస్తకాలూ దాని వెంట పోతాయి. కల అనుకున్నాడు కాబట్టి నేరం కాదు అని రచయిత ఎక్కడా అనడు.

మినర్వా_ఫ్యాన్

అక్కా మీరు చెప్పిన నెవిల్ పాయింట్ బాగుంది, కానీ నాకు స్నేప్ ఇంకా నచ్చుతాడు. నచ్చడం, క్షమించడం రెండూ ఒకటే కాదేమో అనిపిస్తోంది.

సీమ_చదువరి

ఆ చివరి లైను బాగా చెప్పినావు మినర్వా. గ్లోక్టా విషయంలో నాకు సరిగ్గా అదే.

చదవనోళ్ళ కోసం, జో అబర్‌క్రాంబీ 'ది బ్లేడ్ ఇట్‌సెల్ఫ్', 2006. గ్లోక్టా ఒకప్పుడు రాజ్యంలో గొప్ప కత్తివీరుడు, అందగాడు, పొగరుబోతు. శత్రువులైన గుర్కులకు పట్టుబడి రెండేండ్లు చిత్రహింసలు పడినాడు. ఇప్పుడు పండ్లు లేవు, కాలు సరిగా లేదు, మెట్లెక్కలేడు, పొద్దున మంచం దిగాలంటే నరకం. అట్లాంటోడు ఏం ఉద్యోగం చేస్తున్నాడయ్యా అంటే ఇంక్విజిటర్, అంటే జనాల్ని చిత్రహింసలు పెట్టి దొంగ ఒప్పుకోలు కాగితాల మీద సంతకాలు పెట్టించేది. మొదట్లోనే తనకు పాత పరిచయం ఉన్న ఒక వ్యాపారిని గదిలో కూర్చోబెట్టి ఆ పనే చేస్తాడు. మన గుండె పట్టుకునేది ఏందంటే ఆయన మనసులో అనుకునే మాటలు. పైకి ఒకటి అంటాడు, లోపల తన్ను తాను ఏమాత్రం దాచుకోకుండా నేనెందుకు చేస్తాండా ఈ పని అని అడుక్కుంటాడు. జవాబు మాత్రం చెప్పుకోడు.

అబర్‌క్రాంబీ గొప్పతనం ఏందంటే, బాధపడినోడు మంచోడైతాడు అనే నమ్మకాన్ని నిలువునా పగలగొడతాడు. రెండో పుస్తకంలో దగోస్కా కోటను కాపాడేటప్పుడు ఆయన తెలివి, ఓపిక చూస్తే చేతులెత్తి మొక్కబుద్ధి అయితుంది, శిక్షించాల్సిన మనిషిని కూడా ఒకచోట వదిలేస్తాడు. మూడో పుస్తకం చివర తన స్నేహితుని చెల్లెలు ఆర్డీని కాపాడేదానికి పెండ్లి చేసుకుంటాడు, అది నిజమైన దయ. అదే పుస్తకంలో, అవే చివరి పేజీల్లో, రాణి టెరెజ్ దగ్గరికి పోయి, నువ్వు రాజుతో కాపురం చేసి వారసున్ని కనకపోతే నీ ప్రాణమైన స్నేహితురాలికి ఏమైతుందో చూడు అని బెదిరిస్తాడు. రాణి మగవాళ్ళను ఇష్టపడే మనిషి కాదు. అంటే ఆయన ఏం చేస్తాండాడో మీకు అర్థమైతుంది. ఆ సీను నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రెండూ చేసింది ఒక్క మనిషే, రెండింటి మధ్య పెద్దగా పేజీలు కూడా లేవు.

బెజవాడ_శ్రావ్య

టెరెజ్ సీన్ గురించి మాట్లాడినందుకు థాంక్స్ అన్నా. గ్లోక్టా ఫ్యాన్స్ దగ్గర ఎప్పుడు ఎత్తినా ఆర్డీ సంగతి చెప్పి దాటేస్తారు. నాకు ఇక్కడ అబర్‌క్రాంబీ మీద ఒక కంప్లైంట్ ఉంది, టెరెజ్‌కి మన మనసులో చోటే ఇవ్వలేదు. ఆమెని గయ్యాళి రాణిగానే చూపించాడు, ఆమె బాధ మనకి తెలిసేది ఆ ఒక్క క్షణంలోనే. లెనాకి డొనాల్డ్‌సన్ ఇచ్చిన జాగా టెరెజ్‌కి ఇచ్చుంటే గ్లోక్టాని ఇంతమంది ఇంత హాయిగా ప్రేమించగలిగేవాళ్ళు కాదు.

ఓరుగల్లు_పోరడు

అవే అబర్‌క్రాంబీ పుస్తకాలల్ల లోగెన్ సంగతేంది మరి? తొమ్మిదివేళ్ళ లోగెన్ మొదటి పుస్తకంల ఎంత మంచోడు, ఆకలైనోనికి తిండి పెడ్తడు, దెయ్యాలతోని మాట్లాడ్తడు. మారాలె మారాలె అంటడు. కోపమొస్తే ఆయనల నుంచి ఆ రెండో మనిషి, బ్లడీ నైన్, బయటికొస్తడు, మనోడు పరాయోడు అని చూడడు. మూడో పుస్తకంల కొండల మీద యుద్ధంల సొంత దోస్తు టుల్ డురుని సంపేస్తడు. ఒక పిల్లగాన్ని గూడ. తెల్లారి ఏం తెల్వనట్టు ఉంటడు. పాత సావాసగాళ్ళ కండ్లల్ల నుంచి చూపెట్టినప్పుడు తెలుస్తది, మనం ఇన్ని దినాలు విన్నది లోగెన్ చెప్పిన లోగెన్ కథ అని. గిది చాలా పెద్ద పని చేసిండు రచయిత.

లెక్కల_మాస్టారు

నమస్కారం. నేను అకౌంట్స్ పని చేసేవాణ్ణి, అందుకే ఈ నవల నాకు మరీ దగ్గరైంది. సేథ్ డికిన్సన్ 'ది ట్రెయిటర్ బారు కార్మోరెంట్', 2015. ఇందులో మంత్రాల్లేవు, డ్రాగన్లు లేవు, కథానాయిక చేతిలో ఉండేది ఖాతా పుస్తకం.

బారు పుట్టిన దీవి టారనోక్. అక్కడికి సామ్రాజ్యం సైన్యంతో రాదు, వ్యాపారంతో వస్తుంది. ముందు సరుకులు, తర్వాత వాళ్ళ కాగితం డబ్బు, తర్వాత జబ్బులు, తర్వాత బడి. ఆ పిల్లకి ఒక తల్లి, ఇద్దరు తండ్రులు. ఆ కుటుంబం వాళ్ళ చట్టం ప్రకారం నేరం, ఒక తండ్రి మాయమైపోతాడు. బారు అప్పుడే నిర్ణయించుకుంటుంది, ఈ సామ్రాజ్యం లోపలికే వెళ్ళి, పై మెట్టు దాకా ఎక్కి, అక్కడినుంచి దాన్ని కూల్చేస్తానని. ఆర్డ్విన్ అనే కొండ ప్రాంతానికి ఆమెని ఇంపీరియల్ అకౌంటెంట్‌గా పంపిస్తారు. అక్కడి దొరలు తిరుగుబాటుకి డబ్బు పోగేస్తుంటే, ఈమె నోటు విలువే పడిపోయేలా చేసి ఒక్క కత్తి దూయకుండా దాన్ని చితక్కొట్టేస్తుంది. జనం పొదుపు చేసుకున్నదంతా ఆ దెబ్బకే పోతుంది. ఆ భాగం చదువుతుంటే నాకు చెమట పట్టింది, ఎందుకంటే ఆమె లెక్కలో తప్పు లేదు.

తర్వాత తనే తిరుగుబాటుకి నాయకురాలవుతుంది. ఇక్కడినుంచి చదవనివాళ్ళు ఆపేయండి. అది కూడా సామ్రాజ్యం వేసిన వలే. ఎదురు తిరగగలిగిన వాళ్ళందర్నీ ఒకచోటికి చేర్చి పట్టించడానికే. ఆ నడుమ టైన్ హూ అనే దొరసానిని నిజంగా ప్రేమిస్తుంది. చివరికి సముద్రం ఒడ్డున టైన్ హూని గొలుసులతో కట్టి, ఆటుపోటుకి వదిలేయమని ఆజ్ఞ ఇచ్చేది బారూయే. ఎందుకంటే టైన్ హూ బతికుంటే సామ్రాజ్యం చేతిలో బారు మీద ప్రయోగించే పగ్గం అవుతుంది. టైన్ హూకి ఇదంతా తెలుసు, తెలిసే ఒప్పుకుంటుంది.

శ్రావ్యమ్మ అడిగిన దానికి నా జవాబు, బారు బుర్రలోనే మొదటినుంచీ చివరిదాకా ఉంటాం మనం, అయినా ఆమెని క్షమించలేం. కాబట్టి లోపలికి తీసుకెళ్ళినంత మాత్రాన క్షమాపణ వచ్చేయదు. రచయిత నిజాయితీని బట్టి ఉంటుంది.

గోదారిగట్టు

మాస్టారూ మీరు చెప్పిన తీరుకే ఆ పుస్తకం ఇవాళే తెప్పించుకోవాలనిపిస్తోంది.

ఇంత మాట్లాడుకున్నాక మన కర్ణుణ్ణి తలుచుకోకుండా ఉండలేకపోతున్నా. భారతం నవల కాదు, పోల్చకూడదని నాకూ తెలుసు. కానీ తెలుగు వాళ్ళం గ్రే పాత్రని ప్రేమించడం నేర్చుకున్నది అక్కడే కదా. 1977లో రామారావు గారి 'దాన వీర శూర కర్ణ' వచ్చాక కర్ణుడి కళ్ళలోంచీ సుయోధనుడి కళ్ళలోంచీ చూడటం మనకి అలవాటైపోయింది. కుంతి వదిలేసింది, కులం పేరుతో అవమానించారు, కవచకుండలాలు అడిగితే కోసి ఇచ్చేశాడు, నిజమే, ఏడుపొస్తుంది. కానీ సభలో ద్రౌపదిని అన్న మాటలు? వస్త్రాలు తీసెయ్యమన్న నోరు కర్ణుడిదే. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ చాలామంది నా మీదికొస్తారు. జేమీకి సొంత చాప్టర్లు వచ్చినప్పుడు జరిగిందీ ఇదేననిపిస్తుంది నాకు.

కాటుక

గోదారిగట్టు గారూ, ఒప్పుకుంటాను, కానీ వ్యాసభారతం ఆ మాటల్ని దాచలేదు కదండీ. చివర రథచక్రం దిగబడి కర్ణుడు ధర్మం గుర్తుచేస్తే, సభలో ద్రౌపదిని చూసి నవ్విన రోజున నీ ధర్మం ఎక్కడికి పోయిందని కృష్ణుడు అడుగుతాడు. పదమూడేళ్ళ తర్వాత కూడా ఆ లెక్క అలాగే ఉంది. మన సినిమాలు, మన అభిమానం దాన్ని పక్కన పెట్టాయి గానీ మూలం పెట్టలేదు. ఇప్పుడు ఇంగ్లిష్‌లో వస్తున్న పురాణ నవలల్లో నాకు నచ్చనిదీ అదే. ఆనంద్ నీలకంఠన్ 'అసుర' 2012లో రావణుడి వైపునుంచి రాశాడు, అందులో భద్రుడు అనే మామూలు మనిషి గొంతు పెట్టడం చాలా మంచి పని, రావణుడి గొప్పలకి బలైపోయేది ఎవరో అతని వల్ల తెలుస్తుంది. ఆ తర్వాత వచ్చిన చాలా వాటిల్లో ఆ భద్రుడు లేడు, రాక్షసుడికి ఒక ఫ్లాష్‌బ్యాక్ ఇచ్చేసి సరిపెట్టేస్తున్నారు.

న్యూజెర్సీ_నిశి

లేటుగా వచ్చాను, అందరి పోస్టులూ చదివా, ఆగలేక రాస్తున్నా. 'ది పాపీ వార్' ఎవరూ ఎత్తలేదేంటి? ఆర్.ఎఫ్. క్వాంగ్, 2018. రిన్ అనే అనాథ పిల్ల పరీక్ష రాసి మిలిటరీ స్కూల్లో సీటు తెచ్చుకుంటుంది, మొదటి సగం చదువుతుంటే ఎంసెట్ కోచింగ్ రోజులు గుర్తొస్తాయి, అంత దగ్గరగా ఉంటుంది. తర్వాత యుద్ధం వస్తుంది. గోలిన్ నీస్ అనే ఊళ్ళో జరిగే ఘోరం 1937లో నాన్‌జింగ్‌లో జపాన్ సైన్యం చేసిన మారణకాండ మీద రాసింది, కల్పించి భయపెట్టడానికి రాసింది కాదు. ఆ చాప్టర్ ఒంటరిగా రాత్రిపూట చదవొద్దని అందరికీ చెప్తాను. దాని తర్వాత రిన్ అగ్నిదేవత శక్తిని పిలిచి శత్రువుల దీవి మొత్తాన్ని, పిల్లా పెద్దా అందర్నీ, బూడిద చేసేస్తుంది. ఆ క్షణంలో పాఠకులుగా మనం ఆమె పక్షానే ఉంటాం, అదే భయంకరం. వాళ్ళు చేసింది చూశాం కాబట్టి వాళ్ళ జాతే లేకుండా పోవాలి అని మన నోటితోనే అనిపిస్తుంది. రిన్ జీవితాన్ని మావోకి సమాంతరంగా రాశానని క్వాంగ్ చెప్పింది కూడా, ఆ ఎరుకతో మిగతా రెండు పుస్తకాలు చదివితే ఆ పిల్ల ఎక్కడికి పోతోందో ముందే గుండెల్లో రాయి పడుతుంది.

కాటుక గారి లెక్కలో చూస్తే ఇక్కడ బాధితులకి గొంతు లేదు అనొచ్చు, ఆ దీవిలో చచ్చిపోయినవాళ్ళలో ఒక్కరి పేరూ మనకి తెలీదు. నా ఉద్దేశం ఏంటంటే క్వాంగ్ అది కావాలనే చేసింది. పేర్లు తెలీకపోవడం వల్లే ఎంత సులువుగా చప్పట్లు కొట్టామో మనకి తర్వాత తెలిసొస్తుంది.

కాటుక

నిశీ, ఇది నేను ఒప్పుకోలేను. తర్వాత తెలిసొచ్చింది నీలాంటి పాఠకురాలికి. చప్పట్లు కొట్టి ఊరుకున్నవాళ్ళే ఎక్కువ, ఇక్కడే మన తెలుగు గ్రూపుల్లో రిన్ చేసింది రైటే అని రాసినవాళ్ళని చూశాను. రెండు పేజీలు, ఒక తల్లో ఒక చేపలవాడో, ఆ దీవి మీది మనిషి ఒక్కరు ఉంటే ఆ పుస్తకం ఇంకా గొప్పదయ్యేది.

న్యూజెర్సీ_నిశి

అలా పెడితే రిన్ కళ్ళలోంచి మనం బయటికొచ్చేస్తాం కదా. యుద్ధంలో ఉన్న మనిషికి అవతలివాడి తల్లి కనపడదు. పుస్తకం అదే చూపిస్తోంది. సరే, దీని మీద మనిద్దరం కలవం అనిపిస్తోంది, కానీ ఇంత సీరియస్‌గా తీసుకున్నందుకు సంతోషంగా ఉంది.

ఓరుగల్లు_పోరడు

నాది ఒక్కటే లాస్ట్. సప్కోవ్‌స్కీ విచ్చర్ కథలల్ల 'ది లెసర్ ఈవిల్' చదవుండ్రి, చిన్న కథ, గంటల అయిపోతది. గేరాల్ట్ పైసలకు రాక్షసులను సంపేటోడు. ఒక మాంత్రికుని మీద పగవట్టిన రెన్‌ఫ్రీ, వాడు టవర్ల నుంచి బయటికి రాకుంటే ఊరోళ్ళను సంపుతనని ఉపాయం ఏస్తది. గేరాల్ట్ రెండు చెడ్డలల్ల ఏదీ ఎంచుకోను అంటడు. ఆఖరికి ఊరోళ్ళను కాపాడాలని సంతల రెన్‌ఫ్రీ మనుషులను నరికేస్తడు. గప్పుడు తెలుస్తది, ఆ మాంత్రికుడు ఊరంత సచ్చినా టవర్ల నుంచి బయటికి రానన్నడని, అంటే ఆమె ఉపాయం ముందే ఫెయిలైంది, ఆ నరుకుడు అక్కర్లేకుండె కావచ్చు. గాయన కాపాడిన ఊరోళ్ళే రాళ్ళు కొట్టి ఎల్లగొడ్తరు. మంచి చేద్దామని చేసినా చేతికి నెత్తురంటుతది, అది ఎంత కడిగినా పోదని గా కథల ఉన్నంత సాఫ్‌గ నేను ఇంకెక్కడ చూడలే.

మినర్వా_ఫ్యాన్

అందరికీ థాంక్స్, లిస్ట్ రాసుకున్నా. మొదట ఏది మొదలుపెట్టాలి? మరీ భయంకరమైనవి ఇప్పుడే వద్దు, సెమిస్టర్ ఎగ్జామ్స్ ఉన్నాయి.

లెక్కల_మాస్టారు

పరీక్షలప్పుడైతే ఓరుగల్లు చెప్పిన విచ్చర్ కథలు చదువు, విడివిడి కథలు కాబట్టి మధ్యలో ఆపినా ఇబ్బంది ఉండదు. పాపీ వార్, కవెనెంట్ రెండూ పరీక్షలయ్యాకే.

సీమ_చదువరి

గ్లోక్టా కూడా పరీక్షలయ్యాకే ముట్టుకో, మూడు పుస్తకాలూ ఆపకుండా చదవాలనిపిస్తాయి. శ్రావ్యా, టెరెజ్ గురించి నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. మూడో పుస్తకం చివరి చాప్టర్లు మళ్ళీ తీస్తాండా, ఈసారి ఆమె ఉన్న పేజీలన్నీ గుర్తుపెట్టుకుంటా చదివి ఆదివారం ఇక్కడే రాస్తా.

బెజవాడ_శ్రావ్య

రాయండి అన్నా, నేనూ ఆ పుస్తకం పక్కన పెట్టుకుంటా. గోదారిగట్టు గారూ మాస్టారూ, బారు పుస్తకం ఇద్దరు ముగ్గురు కలిసి చదువుదామంటే నేను రెడీ, వచ్చే నెల మొదటి వారంలో దానికి వేరే థ్రెడ్ తెరుస్తా. టైన్ హూ వైపునుంచి చదవాలని ఉంది నాకు.